వంశక్రమం – రొమ్ము కాన్సరు చికిత్స

ఒక ఇంటి తల్లికి రొమ్ము కాన్సరు అని తెలిసిన నాడు ఆ ఇంట పుట్టే ప్రశ్నలు రెండు. ఆమె బ్రతుకుతుందా అన్నది మొదటిది. రెండవది నోటితో అనకుండానే అందరి మనస్సులలోనూ మెదులుతుంది. ఇది మన వంశంలోనిదా? రేపు కూతురికి కూడా వస్తుందా? ఈ మాట బయటికి పొక్కితే ఆమె పెండ్లి మాటేమిటి? గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల పల్లెలలోనే కాదు, హైదరాబాదు నగరంలో చదువుకున్న ఇండ్లలో సైతం ఈ రెండవ ప్రశ్నకు జడిసి, మొదటి ప్రశ్నకు రావలసిన మంచి సమాధానాన్ని చేజార్చుకునేవారు ఉన్నారు. గడ్డ చేతికి తగిలిన తరువాత నెలల తరబడి భర్తకు కూడా చెప్పని తల్లులు ఉన్నారు. వైద్యుడు "మీ ఇంట ఇంతకు ముందు ఎవరికైనా వచ్చినదా" అని అడిగితే, పక్కనున్న పెద్దవారి ముఖం చూచి "లేదు" అనేవారు ఉన్నారు.

ఆ "లేదు" అనే మాట వల్ల వచ్చే నష్టం ఎంతటిదో ఈ ప్రసంగంలో చెప్పదలచినాము. ఎందుకంటే, గత ముప్పది ఏండ్ల పరిశోధనల ఫలితంగా వంశక్రమాన్ని గూర్చిన సమాచారం వైద్యుని చేతిలో ఒక పనిముట్టుగా మారినది. ఏ మందు ఎవరికి పని చేస్తుంది, ఏ మందు ఎవరికి ముప్పు తెస్తుంది అన్న విషయాలు కొంతవరకు దానివల్ల తెలుస్తున్నవి.

ముందుగా ఒక సంగతి స్పష్టపరచవలెను. కాన్సరు అంతా వంశపారంపర్యం కాదు. నూరు రొమ్ము కాన్సర్లలో తల్లిదండ్రుల నుండి సంక్రమించిన బలమైన జన్యులోపం వల్ల వచ్చేవి అయిదు మొదలు పది వరకు మాత్రమే. తక్కినవాటిలో లోపం జీవితకాలంలో, ఆ అవయవంలోని కణాలలో మాత్రమే పుట్టినది. గద్వాల చీర నేసే మగ్గాన్ని చూచినవారికి ఈ భేదం సులభంగా బోధపడుతుంది. అంచులోని పువ్వు జకార్డు అట్టలలో పొడిచిన రంధ్రాలను బట్టి వస్తుంది. నేసేటప్పుడు ఒక పోగు తెగితే ఆ లోపం ఆ ఒక్క చీరలో, ఆ ఒక్క చోట ఉంటుంది. అట్టలోనే రంధ్రం తప్పుగా పడితే, ఆ అట్టతో నేసిన ప్రతి చీరలోను అదే లోపం కనిపిస్తుంది. మొదటిది వ్యక్తికి కలిగిన కాన్సరు వంటిది. రెండవది వంశంలో వచ్చే లోపం వంటిది. అయితే మానవునికి అట్టలు రెండు వరుసలు. ఒకటి తల్లి ఇచ్చినది, ఒకటి తండ్రి ఇచ్చినది. ఒకదానిలో తప్పున్నా రెండవది చాలాకాలం పని నెట్టుకువస్తుంది. అందువల్లనే లోపంతో పుట్టినవారందరికీ వ్యాధి రాదు.

1990లో అమెరికా శాస్త్రవేత్త మేరీ క్లేర్ కింగ్, కొన్ని కుటుంబాలలో రొమ్ము కాన్సరుకు కారణమయ్యే జన్యువు పదునేడవ క్రోమోజోముపై ఉన్నదని చూపినారు. 1994లో ఆ జన్యువును విడదీసి గుర్తించినారు. దానికి బ్రాకా 1 అని పేరు. మరుసటి సంవత్సరం బ్రాకా 2 దొరికినది. ఈ రెండూ నిజానికి మనకు మేలు చేసే జన్యువులు. కణంలోని డి.ఎన్.ఏ. పోగు రెండు పాయలూ తెగినప్పుడు దానిని సరిగా అతికించే పనివాండ్రను ఇవి తయారు చేస్తవి. ఇవి చెడినప్పుడు అతుకు సరిగా పడదు, తప్పులు పేరుకుంటవి, ఒకనాటికి కణం అదుపు తప్పుతుంది. ఈ లోపంతో పుట్టిన స్త్రీలలో ఎనుబది ఏండ్ల వయస్సు వచ్చేలోగా నూటికి సుమారు 70 మందికి రొమ్ము కాన్సరు వస్తుందని 2017లో ప్రకటితమైన ఒక పెద్ద పరిశీలన తెలిపినది.

ఇంతవరకు విన్నవారికి భయం కలుగుట సహజమే. ఇక్కడనే ఆగిపోయే పత్రికా వార్తలు, సినిమా తారల కథలు చాలా వచ్చినవి. అసలు విషయం ఆ తరువాత ఉన్నది. వ్యాధి వచ్చిన తరువాత ఈ లోపం ఉన్నవారు, లేనివారి కంటె త్వరగా మరణిస్తారా? చాలామంది అవునని అనుకుంటారు. బ్రిటనులో నలుబది ఏండ్లలోపు వయస్సులో రొమ్ము కాన్సరు వచ్చిన 2,733 మంది స్త్రీలను సంవత్సరాల తరబడి గమనించి, 2018లో ఫలితాలను ప్రకటించినారు. వారిలో నూటికి 12 మందికి బ్రాకా లోపం ఉన్నది. పది సంవత్సరాల తరువాత చూచినా, చికిత్స పొందిన ఈ రెండు వర్గాలవారి ఆయుర్దాయంలో చెప్పుకోదగిన భేదం కనిపించలేదు. వంశంలో లోపం ఉన్నదంటే మరణశాసనం వ్రాసినట్లే అనుకునేవారు ఈ ఒక్క సంగతిని గుర్తుంచుకుంటే చాలును.

ఇక మందుల మాట. ఇక్కడ వంశలోపమే రోగికి సహాయపడే సందర్భం ఒకటి ఉన్నది. దానిని వివరించడానికి మనం నడిగడ్డకు వెళ్లవలెను. కృష్ణకూ తుంగభద్రకూ నడుమనున్న గద్వాల, అలంపురం సీమకు ఆ పేరు. ఉత్తరాన కృష్ణపై ఒక వంతెన, దక్షిణాన తుంగభద్రపై ఒక వంతెన, ఈ రెండే దారులు అనుకుందాము. బ్రాకా చెడిన కాన్సరు కణానికి ఉత్తరపు వంతెన అప్పటికే కూలిపోయి ఉన్నది. తెగిన పోగులను బాగుచేసుకొనడానికి అది దక్షిణపు వంతెననే, అనగా పార్ప్ అనే మరొక ఏర్పాటునే నమ్ముకొని ఉంటుంది. ఒలాపరిబ్ వంటి మందు ఆ దక్షిణపు వంతెనను మూసివేస్తుంది. కాన్సరు కణం నదుల నడుమ చిక్కి నశిస్తుంది. శరీరంలోని తక్కిన కణాలకో, తల్లిదండ్రులలో ఒకరి నుండి వచ్చిన మంచి జన్యువు మిగిలి ఉన్నది కనుక ఉత్తరపు వంతెన నిలిచే ఉంటుంది. అవి బ్రతికి బయటపడతవి. 2005లో ప్రయోగశాలలో తేలిన ఈ విషయం 2021 నాటికి ఆసుపత్రికి వచ్చినది. బ్రాకా లోపం ఉండి, వ్యాధి తిరగబెట్టే ముప్పు ఎక్కువగా ఉన్న 1,836 మందిలో సగం మందికి ఒక సంవత్సరం పాటు ఈ మందు ఇచ్చి చూచినారు. మూడేండ్లు గడిచేసరికి, మందు తీసుకున్నవారిలో నూటికి సుమారు 86 మంది, తీసుకొననివారిలో 77 మంది, వ్యాధి తిరగబెట్టకుండా ఉన్నారు.

ఈ మందు ఖరీదైనదే. అయితే పేదవారికి ఉపయోగపడే ఉదాహరణ వేరొకటి ఉన్నది. అది మాకు ఇంకా ముఖ్యమైనదిగా తోస్తున్నది. ప్లాటినం లోహంతో తయారయ్యే కార్బోప్లాటిన్ చాలాకాలంగా వాడుకలో ఉన్న మందు. కొత్త మందులతో పోలిస్తే చౌక. ముదిరిన రొమ్ము కాన్సరు గల 376 మందికి బ్రిటనులో ఈ మందును, డోసిటాక్సెల్ అనే వేరొక మందును పోల్చి ఇచ్చినారు. అందరినీ కలిపి చూస్తే రెండూ ఒకటే అనిపించినది. బ్రాకా లోపం ఉన్నవారిని వేరు చేసి చూసేసరికి, వారిలో కార్బోప్లాటిన్‌తో నూటికి 68 మందికి గడ్డ తగ్గినది. డోసిటాక్సెల్‌తో 33 మందికే తగ్గినది. ఇంట ఎవరికీ ఈ వ్యాధి లేదని అబద్ధమాడిన కుటుంబం పోగొట్టుకునేది ఇటువంటి అవకాశాన్ని. ఏ మందుకు లొంగుతుందో తెలుసుకొనే దారిని ఆ ఒక్క మాట మూసివేయవచ్చును.

ఇంతవరకు చెప్పినది కాన్సరు కణంలోని సంగతి. మందును మ్రింగే శరీరంలో కూడా వంశభేదాలు ఉన్నవి. టామోక్సిఫెన్ మాత్రను ఎన్నో కుటుంబాలు ఎరుగుదురు. రోజుకొకటి చొప్పున అయిదేండ్లు, ఒక్కొక్కప్పుడు పదేండ్లు వాడవలసినది. అది కాలేయంలో సి.వై.పి. 2డి6 అనే ఎంజైము వల్ల ఎండాక్సిఫెన్‌గా మారిన తరువాతనే పూర్తి బలంతో పని చేస్తుంది. కొందరు పుట్టుకతోనే ఆ ఎంజైము తక్కువగా గలవారు. వారికి మందు తక్కువ మేలు చేస్తుందా అన్నది ఇప్పటికీ వివాదాంశమే; అవునన్న పరిశీలనలూ ఉన్నవి, కాదన్నవీ ఉన్నవి. ఆ పరీక్ష కోసం ఆరాటపడుట కంటె, అయిదేండ్ల మాత్రను రెండేండ్లకే మానివేయకుండుట చాలా ముఖ్యమని మా అభిప్రాయం. మనోవ్యాకులతకు ఇచ్చే పారోక్సెటిన్, ఫ్లూఆక్సెటిన్ అనే మందులు ఇదే ఎంజైమును అడ్డుతవి కనుక, అవి వాడేవారు ఆ మాట కాన్సరు వైద్యునికి తప్పక చెప్పవలెను. కాపెసిటాబిన్ అనే మరొక మందు విషయంలో సందేహం తక్కువ. దానిని శరీరం నుండి తొలగించే ఎంజైము కొందరిలో పుట్టుకతోనే లోపిస్తుంది. వారికి మామూలు మోతాదే ప్రాణాపాయం కావచ్చును. అందుచేత 2020 నుండి ఐరోపా ఔషధ సంస్థ, ఆ మందు ఇచ్చేముందు పరీక్ష చేయవలెనని సూచించుచున్నది.

మన ప్రాంతానికి మరింత చేరువైన ఉదాహరణ కాన్సరు మందులలో లేదు; శస్త్రచికిత్స బల్ల మీద ఉన్నది. రొమ్ము శస్త్రచికిత్సకైనా, వేరొక దానికైనా మత్తు ఇచ్చేటప్పుడు గొంతులో గొట్టం అమర్చడానికి సక్సామెథోనియం అనే కండరాలను సడలించే మందును వాడుట కలదు. సాధారణంగా దాని ప్రభావం కొద్ది నిమిషాలలో పోతుంది. రక్తంలోని ఒక ఎంజైము దానిని విరిచివేయడమే కారణం. ఆ ఎంజైము పుట్టుకతో లోపించినవారికి గంటల తరబడి ఊపిరి తీసే కండరాలు కదలవు. ఈ లోపం ఆర్యవైశ్య కుటుంబాలలో ఇతరుల కంటె సుమారు నూరు రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది. దానికి కారణమైన జన్యుభేదాన్ని 2006లో గుర్తించినారు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్త కుమారస్వామి తంగరాజ్, అమెరికాలోని డేవిడ్ రైక్ మొదలగువారు 2017లో ప్రకటించిన పరిశోధనలో దీనినే ముఖ్యోదాహరణగా చూపినారు. ఎన్నో తరాల క్రితం కొద్దిమంది పూర్వీకులతో మొదలై, తమలో తాము సంబంధాలు చేసుకుంటూ పెరిగిన ప్రతి సమాజంలోను ఇటువంటివి ఒకటో రెండో ఉంటవి. ఇందులో ఎవరి తప్పూ లేదు. వనపర్తి బజారులోగాని, గద్వాలలోగాని వ్యాపారం చేసుకునే కుటుంబం ఈ ఒక్క మాట మత్తు డాక్టరుకు చెప్పితే, ఆయన వేరొక మందు వాడుకుంటారు. అంతటితో ప్రమాదం తప్పుతుంది. దాచితేనే చిక్కు.

ఇంతకూ వైద్యుడు వంశవృక్షం అడిగినప్పుడు చెప్పవలసినది ఏమిటి? ఇక్కడ మన భాష మనలను కొంత తికమక పెడుతుంది. మనకు చుట్టరికాల పేర్లు చాలా ఉన్నవని గర్వపడతాము గాని, ఆ పేర్లు వివాహ నియమాన్ని బట్టి ఏర్పడినవే గాని రక్తాన్ని బట్టి కాదు. "మా చిన్నమ్మకు వచ్చినది" అని ఒక అమ్మాయి చెప్పితే, ఆ చిన్నమ్మ తల్లికి చెల్లెలా, తండ్రి తమ్ముని భార్యా? మొదటిదైతే వైద్యునికి అది ముఖ్య సమాచారం. రెండవదైతే ఆ అమ్మాయికి సంబంధమే లేదు. పెద్దమ్మ విషయమూ అంతే. అత్త అన్న మాట మరీ కష్టం. మేనత్తా అత్తే, మేనమామ భార్యా అత్తే, భర్త తల్లీ అత్తే. పైగా అక్క కూతురిని చేసుకున్న ఇంట్లో పిల్లలకు అమ్మమ్మే మేనత్త కూడా అవుతుంది. కనుక పేరు చెప్పి ఊరుకొనక, "అమ్మకు తోడబుట్టినది", "నాన్నకు తోడబుట్టినది" అని విడమరచి చెప్పవలెను.

నాన్న వైపు అన్నామంటే కొందరు ఆశ్చర్యపడతారు. ఆడవారి వ్యాధి ఆడవారి వైపునుంచే వస్తుందన్న నమ్మకం బలంగా ఉన్నది. అది సరికాదు. బ్రాకా లోపం తండ్రినుంచి కూడా అదే విధంగా, ప్రతి బిడ్డకు సగం అవకాశంతో వస్తుంది. కొడుకుకైనా అంతే, కూతురుకైనా అంతే. తండ్రికి అక్కచెల్లెండ్రు లేకపోతే ఆ లోపం రెండు తరాలు కనిపించకుండా దాగి, మనుమరాలిలో బయటపడవచ్చును. బ్రాకా 2 లోపం ఉన్న పురుషులకు ప్రోస్టేటు కాన్సరు ముప్పు పెరుగుతుంది. అరుదుగా వారికే రొమ్ము కాన్సరు రావచ్చును. మేనరికం వల్లనే ఈ వ్యాధి వస్తుందనుట కూడా పొరపాటే. దీనికి ఒక వైపు లోపం చాలును. రెండు వైపులా ఒకే లోపం ఉన్న దంపతుల బిడ్డకు మాత్రం, ముఖ్యంగా బ్రాకా 2 విషయంలో, ఫాంకోని రక్తహీనత అనే తీవ్రమైన వ్యాధి వచ్చే అవకాశం కలదు. అది చాలా అరుదు.

వంశవృక్షం గీయుటకు మన జిల్లాలలో ఇంకొక ఇబ్బంది ఉన్నది. పాలమూరు కూలీలు దేశంలోని ఆనకట్టలను, రహదారులను కట్టడానికి తరతరాలుగా వలస పోయినారు. 1980ల మొదటి భాగంలో శ్రీశైలం జలాశయం నిండినప్పుడు కొల్లాపూరు, అలంపురం వైపు పల్లెలు అనేకం మునిగి, అక్కడి కుటుంబాలు చెదిరిపోయినవి. నాయనమ్మ ఏ జబ్బుతో పోయినదో చెప్పగలిగేవారు ఏ ఊరిలో ఉన్నారో తెలియని ఇండ్లు ఉన్నవి. "ఛాతీలో పుండు పడి పోయినది" అన్న ఒక్క మాట ఎవరికైనా గుర్తుంటే, దానినీ వైద్యునికి చెప్పవలెను. అప్పుడు ఆమె వయస్సు ఎంతో ఉజ్జాయింపుగా చెప్పగలిగితే మరీ మంచిది. నలుబదిలో వచ్చిన వ్యాధికీ డెబ్బదిలో వచ్చిన వ్యాధికీ వంశక్రమం దృష్ట్యా చాలా తేడా ఉన్నది.

పరీక్ష చేయించినంత మాత్రాన ప్రతిసారీ తేటతెల్లమైన సమాధానం రాదు. లోపమో కాదో తేల్చలేని భేదం అని ఫలితం వచ్చేవారు మన దేశంలో ఎక్కువ. ఇన్నాళ్లూ జగత్తులో చదివిన జన్యుక్రమాలలో అధికభాగం ఐరోపా సంతతివారివి కావడమే ఇందుకు ప్రధాన కారణం. అక్కడి కొలబద్దతో మన పోగులను కొలిచితే కొన్ని లెక్కకు అందవు. భారత ప్రభుత్వ బయోటెక్నాలజీ శాఖ చేపట్టిన జీనోమ్ ఇండియా పథకం క్రింద 10,000 మంది భారతీయుల జన్యుక్రమాలను చదివి 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోనికి తెచ్చినారు. సి.సి.ఎం.బి. అందులో భాగస్వామి. ఈ కొరత క్రమంగా తీరుతుందని ఆశించవచ్చును. అటువంటి ఫలితం వచ్చినవారు దానిని ఆధారం చేసుకొని ఏ పెద్ద నిర్ణయమూ తీసుకొనరాదు.

జన్యువుల మాట ఎంత చెప్పినా, మన వైపు ఆయుర్దాయాన్ని ఎక్కువగా నిర్ణయించేది ఆసుపత్రికి చేరిన వేళ. 2010 – 2014 నడుమ వ్యాధి తెలిసినవారిలో అయిదేండ్లు జీవించినవారు అమెరికాలో నూటికి 90 మంది, మన దేశంలో 66 మంది. ఈ తేడాకు ముఖ్యకారణం మనం ఆలస్యంగా పోవడమూ, చికిత్స మధ్యలో మానడమూను. హైదరాబాదు నగరంలో ఏటా లక్ష మంది స్త్రీలకు 48 మంది చొప్పున ఈ వ్యాధి బారిన పడుతున్నారని 2020లో వెలువడిన జాతీయ కాన్సరు నమోదు నివేదిక తెలిపినది. దేశంలోని నమోదు కేంద్రాలలో అది పెద్ద సంఖ్య. హైదరాబాదులో 1955లో నెలకొన్న కాన్సరు ఆసుపత్రి, తరువాత గుజరాత్ రాష్ట్రానికి ప్రథమ గవర్నరు అయిన మెహదీ నవాజ్ జంగ్ పేర ఈనాటికీ పేదలకు సేవ చేయుచున్నది. వనపర్తి, నాగర్‌కర్నూలులలో 2022లోను, గద్వాలలో 2024లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ఏర్పడినవి. అలంపురం వైపువారికి తుంగభద్ర దాటితే కర్నూలు ఉండనే ఉన్నది. ముప్పది ఏండ్లు నిండిన స్త్రీలకు రొమ్ము పరీక్ష చేయవలెనన్న ప్రభుత్వ కార్యక్రమం కలదు. ఊరి ఆశా కార్యకర్తను అడిగితే వివరం తెలుస్తుంది. జన్యుపరీక్ష విషయంలో సలహా కావలసినవారు హైదరాబాదు నిమ్స్‌లోని వైద్య జన్యుశాస్త్ర విభాగాన్ని సంప్రదింపవచ్చును.

అక్కడికి పోయేవారు ఒక క్రమం తెలుసుకొని పోవుట మంచిది. తల్లికి వ్యాధి వస్తే ముందుగా కూతురికి పరీక్ష చేయించాలని చాలామంది పరుగెత్తుతారు. సరియైన పద్ధతి అది కాదు. మొదట వ్యాధి వచ్చిన తల్లికే చేయవలెను. ఆమెలో లోపం ఇదీ అని తేలితే, కూతురికి ఆ ఒక్కదానినే వెదకితే సరిపోతుంది. ఆమెలో అది లేకపోతే, ఆమె ముప్పు సామాన్య స్త్రీలకు ఉండేదానికి దగ్గరగా ఉంటుందని చెప్పవచ్చును. తల్లి గతించిన పక్షంలో కూడా దారి పూర్తిగా మూసుకొనిపోదు. శస్త్రచికిత్స చేసిన ఆసుపత్రివారు గడ్డ ముక్కను మైనపు దిమ్మలో భద్రపరుస్తారు. కొన్ని సందర్భాలలో దానినుండి కూడా పరీక్ష చేయవచ్చును. కాబట్టి ఆ ముక్క పరీక్ష కాగితాన్నీ, దానిపైని సంఖ్యనూ, ఆసుపత్రి చీటీలనూ కర్మలు ముగిసిన తరువాత పారవేయక, ఇంటి పట్టాలూ పాసుబుక్కులూ ఉంచే పెట్టెలోనే ఉంచవలెను.